మేక చుట్టూ నీలం సున్నా

మీరు నా బొమ్మ మీద పెన్సిల్ పెట్టారు. అడగలేదు, చెప్పలేదు. బస్సు వెనక సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్న ముసలాయన చుట్టూ నీలం రంగుతో తీరిగ్గా ఒక సున్నా చుట్టి వెనక్కి పంపారు. పక్కన ఒక్క అక్షరం ముక్క లేదు.

కవరు మీద 'పేజీలు కూర్చే పెద్దమనిషికి' అని మర్యాదగానే రాశాను. లోపల మాత్రం నమస్కారం పెట్టడం లేదు.

ఆ ముసలాయన ఎక్కణ్ణించో ఊడిపడలేదు. మా వీధి చివర టైర్లకి గాలి కొట్టే ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఎదురుగోడకి ఆనుకుని ఎండలో నిలబడి గీశాను. ఆయన మధ్యలో ఒక కన్ను తెరిచి, "ఏంటి, నా మీద కేసు రాస్తున్నావా?" అన్నాడు. పుస్తకంలో వేస్తానంటే మళ్ళీ కన్ను మూసి, నోరు ఇంకాస్త తెరిచాడు.

నా సంగతి మీకు తెలీదు కాబట్టి చెప్తున్నాను. పగలంతా బోర్డుల దుకాణంలో పని. లారీల వెనక అక్షరాలు, షట్టర్ల మీద పేర్లు. బొమ్మలు నాకెవరూ నేర్పలేదు. అగ్గిపెట్టెలూ బిస్కెట్ ప్యాకెట్లూ ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. మీరు అచ్చేస్తున్న పిల్లల కథ 'బస్సెక్కిన మేక' నేను బొమ్మలేస్తున్న మొదటి పుస్తకం. మా మేస్త్రి వేరే ఊళ్ళో ఇంకో దుకాణం తెరుస్తూ, దాన్ని నన్ను చూసుకోమంటున్నాడు. ఒప్పుకున్నానా, ఇక బొమ్మల ఊసుండదు. "నీ బొమ్మలు ఎవరికైనా కావాలో వద్దో ముందు తేల్చుకో, వచ్చే నెలాఖరుకి నాకు జవాబు చెప్పు" అన్నాడు. నేను తేల్చుకోవాల్సింది మీ పుస్తకంతోనే.

సరే, మీ గీతకి తల వంచాను. సవరించిన బొమ్మా, మిగతా పేజీల బొమ్మలూ ఇందులో ఉన్నాయి. చూసి సోమవారం లోపు జవాబు పంపాలి.

ఇట్లు,
లారీ అక్షరాల ఆర్టిస్టు

తా.క. గాలి కొట్టే ఆయనకి మాటిచ్చాను కదా, ఇప్పుడు మొహం చూపించలేక వెనక సందులోంచి పనికి పోతున్నాను. ఆ సందులో కుక్క ఉంది. అది కూడా మీ ఖాతాలోదే.

*

చిరంజీవి ఆర్టిస్టు నాయనకు ఆశీస్సులు. ఇక్కడ నేనూ నా మోకాళ్ళూ ఒకరినొకరు భరించుకుంటూ క్షేమంగా ఉన్నాం. నీ కోపం ఈపాటికి చల్లారి ఉంటుందని తలుస్తాను.

పెన్సిల్ సంగతి ముందుగా చెప్పకపోవడం నా పొరపాటే. నీలం గీత అచ్చులో పడదు నాయనా. ఫోటో తీసే కెమెరాకి అది కనబడదు. అందుకే మేం దానితోనే గుర్తులు పెట్టుకుంటాం. రబ్బరుతో మెల్లగా రుద్దితే పోతుంది. నీ కాగితానికి వచ్చిన నష్టమేమీ లేదు.

సవరించిన బొమ్మ చూశాను. ముసలాయన లేడు. బ్లేడుతో గుండ్రంగా కోసి, వెనకనుంచి కొత్త కాగితం వేసి, అక్కడ ఖాళీ సీటు గీశావు. అతుకు వేలికి తగిలింది గానీ కంటికి దొరకలేదు. ఏదో స్టాపులో దిగిపోయాడు కాబోలు అనుకున్నాను. బొమ్మ వేసినవాళ్ళ చేతికి అడ్డు చెప్పే అలవాటు నాకు లేదు. నువ్వు దిగమన్నావు, ఆయన దిగాడు.

మిగతా వాటిలో ఇంకో రెండు చోట్ల చుట్టాను. సీటు కింద దొర్లిన ఒంటి చెప్పు ఒకటి. టికెట్ల మిషనుతో వీపు గోక్కుంటున్న కండక్టరు ఒకడు. చూసుకో.

ఇట్లు,
పేజీల తాతయ్య
(ఆఫీసులో అందరూ అలాగే పిలుస్తారు. నువ్వూ పిలవొచ్చు.)

తా.క. ఇది రాస్తుండగా మా ఇంటావిడ వచ్చి, వంట ఎలా ఉందని అడిగింది. కంచం ఖాళీ చేసి లేచాను గదా, ఇంకా అడగడం ఏమిటి? పెళ్ళైనప్పటినుంచీ ఇదే ప్రశ్న.

*

నన్ను 'నాయనా' అన్నారు. నేను ఆడపిల్లను. ఇది రెండో అన్యాయం. మొదటిది ఎక్కడిదక్కడే ఉంది.

కాగితం మురికైందని నేను ఏడ్చానా? మీ రబ్బరు ఎవరిక్కావాలి? నేను ఒకటి అంటే మీరు ఇంకోటి చెప్తారు. మా మేస్త్రీ ఇంతే. జీతం పెంచమంటే, "బ్రష్షులు కొత్తవి తెప్పించా చూశావా" అంటాడు.

మీరు చెప్పినట్టే చేశాను. చెప్పు తీసేశాను. అది ఎవరి చెప్పో, రెండోది ఎక్కడుందో పిల్లలు పుస్తకమంతా వెతుక్కుంటారనుకున్నాను. వెతకరు. కండక్టరు చేత చేతులు కట్టించి, బడి ఫోటోకి నిలబెట్టినట్టు నిలబెట్టాను. ఇక ఆయనకి వీపు దురద పెడితే మీరే బాధ్యులు.

మీకు ఏది నచ్చదో కాదు, ఏది నచ్చుతుందో ఒక్కసారి చెప్పండి. గురువారం లోపు చెప్పండి.

ఇట్లు,
లారీ అక్షరాల ఆర్టిస్టు (అమ్మాయి)

తా.క. కోసి పడేసిన ముక్కలు మా అమ్మ ఏరుకుని చూసుకుంటూ నవ్వుతోంది. "తీసేసినవే బాగున్నాయేమే" అంటోంది. అమ్మకేం తెలుసు, ఆవిడ అచ్చాఫీసా?

*

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు. చాలా తప్పైపోయింది. లారీలు అనగానే నా బుర్రలో నీకు మీసాలు మొలిచాయి. ఇప్పుడు గొరిగేశాను.

చెప్పు పోవడం చూశాను. కండక్టరు బుద్ధిమంతుడు కావడం చూశాను. బస్సులో ఎవరూ కదలడం లేదు, ఎవరూ గోక్కోవడం లేదు. కండక్టరూ డ్రైవరూ ఎవరినో పరామర్శించడానికి పోతున్నట్టున్నారు. నా మీద కోపముంటే నన్ను తిట్టు తల్లీ. బస్సులో వాళ్ళు నీకేం చేశారు?

ఏది నచ్చుతుందో చెప్పమన్నావు. అలాంటివి రాయడం నాకు చేతకాదు. కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను, సిరా ఆరిపోయింది. అందుకని ఈసారి ఒక్కదాని చుట్టూనే చుట్టాను. రెండుసార్లు తిప్పి, గట్టిగా. కిటికీలోంచి మెడ చాపి, గాలికి గడ్డం ఎగురుతుంటే కళ్ళు మూసుకున్న ఆ మేక. అది ఉన్న ప్రతి పేజీలోనూ చుట్టాను. ఈ పుస్తకం ఏమవుతుందన్నది దానిమీదే ఉంది. తొందరపడకు, బాగా ఆలోచించి చెయ్యి.

ఇట్లు,
పేజీల తాతయ్య

తా.క. బొమ్మలు ఎంతవరకు వచ్చాయని కథ రాసినావిడ అడిగింది. వస్తున్నాయమ్మా, జనం మాత్రం దిగిపోతున్నారు అన్నాను.

*

మేకను తీసేశాను.

ప్రతి పేజీలోంచీ తీసేశాను. చేతులు కట్టుకున్న ఆ కండక్టర్ని కూడా దింపేశాను. ఇదిగో మీ పుస్తకం. ఖాళీ బస్సు, ఖాళీ సీట్లు, డ్రైవరు. 'బస్సెక్కిన మేక' అని అట్ట మీద ఉంటుంది, లోపల మేక ఉండదు. పిల్లలు అడిగితే పేజీల తాతయ్యకి నచ్చలేదని చెప్పండి.

బాగా ఆలోచించమన్నారు కదా, ఆలోచించాను. బడిలో నేను లెక్కల పుస్తకం అంచుల్లో మేకల్ని గీసేదాన్ని. మా మాస్టారు ఎర్ర సిరాతో ఒక్కో మేక చుట్టూ ఒక్కో సున్నా చుట్టి, ఇంట్లో సంతకం పెట్టించుకు రమ్మనేవాడు. క్లాసంతా 'మే' అని అరిచేది. చుట్టూ సున్నా చుట్టారంటే అర్థమేంటో నాకు అప్పుడే తెలిసింది. ఇది తప్పు, ఇది తీసెయ్, ఇది చేసినందుకు సిగ్గుపడు. ఆ సిగ్గుతోనే చదువు మానేశాను. గీయడం మాత్రం మానలేకపోయాను. మీ పెన్సిల్ నీలం, ఆయన సిరా ఎరుపు. ఇంకేం తేడా లేదు.

మేకను కోస్తూ మధ్యలో రెండుసార్లు బ్లేడు కింద పెట్టేశాను. లారీ కదులుతున్నా నేను బ్రష్షు కింద పెట్టను.

నెలాఖరుకి మా మేస్త్రికి సరేనని చెప్పేస్తాను. అక్షరాలకి ఎవరూ సున్నా చుట్టరు. ఇక మీరు నాకు ఉత్తరాలు రాయొద్దు. రాయనని బుధవారం లోపు రాసి పంపాలి.

ఇట్లు,
మాజీ ఆర్టిస్టు

తా.క. ఆ కుక్కతో నాకు స్నేహం కుదిరింది. మీకన్నా నయం. నచ్చితే తోక ఊపుతుంది.

*

అమ్మాయీ, ఆ ముక్కలు ఉన్నాయా, పారేశావా? ఆశీస్సులు తర్వాత. ముందు అది చెప్పు.

నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచాను, మళ్ళీ కూర్చున్నాను. మా అచ్చాఫీసులో నీలం సున్నా అంటే తప్పని కాదు. 'ఇక్కడ కత్తి పడకూడదు' అని. పేజీ సైజుకి బొమ్మ పట్టకపోతే అంచులు కోయాల్సి వస్తుంది. ఏది పోయినా పర్వాలేదు, ఇది మాత్రం పోకూడదు అని కోత మిషను దగ్గరుండే అతనికి చెప్పడానికి ఆ గుర్తు. మా పెద్దలు నాకు అలా నేర్పారు. బొమ్మలు వేసేవాళ్ళందరికీ తెలుసనుకున్నాను. నువ్వు ఎవరి దగ్గరా నేర్చుకోలేదన్న సంగతి మొదటి ఉత్తరంలోనే రాశావు. చదివాను, బుర్రకెక్కించుకోలేదు.

నేను కాపాడమన్నదాన్నల్లా నువ్వు కోసేశావు. నువ్వు కోసినప్పుడల్లా నేను ఇంకోటి చూపించాను. ఇద్దరం కలిసి బస్సు ఖాళీ చేశాం తల్లీ.

మీ మాస్టారి సున్నాకీ నా సున్నాకీ ఒకటే ఆకారం అయినందుకు నాకు బాధగా ఉంది. ఇన్నేళ్ళూ చతురస్రం గీసినా బాగుండేది.

ఆ ముక్కల సంగతి వెంటనే రాయి.

ఇట్లు,
తాతయ్య

తా.క. ఖాళీ బస్సును బల్ల మీద పెట్టుకుని చూస్తున్నాను. డ్రైవరొక్కడే మిగిలాడు, ఎందుకంటే నేను చుట్టనిది అతన్నొక్కణ్ణే. నిజానికి ఈ పుస్తకం మొత్తంలో తప్పున్నది అక్కడే. స్టీరింగు మీద చేతికి ఆరు వేళ్ళు గీశావు.

*

తాతయ్యగారికి,

నమస్కారం అని రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. కొట్టివేత కింద ఉన్నది నమస్కారమే.

మీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. "నేను చెప్పలేదూ" అని ఒక్కమాట అని, పొయ్యి కట్టేసి, కూర్చుని ఏడ్చింది. నేను పక్కనే కూర్చుని నవ్వాను. తర్వాత అమ్మ నవ్వింది, నేను ఏడ్చాను. ఇంతకన్నా వివరంగా రాయను.

ముక్కలు ఉన్నాయి. అయితే చిక్కొచ్చి పడింది. అమ్మ వాటిని వంటింటి అలమర తలుపుకి జిగురుతో అతికించేసింది. ముసలాయన పైన, చెప్పు పక్కన, కండక్టరు, కిందంతా మేకలు. తోమిన గిన్నెలు సర్దుతూ వాటిని చూసుకుంటుందట. గీకితే రంగు లేచొస్తోంది. అందుకని మరలు విప్పి తలుపే పంపిస్తున్నాను. నేను అక్షరాలు రాసిన లారీ ఒకటి మీ వైపు వస్తోంది, డ్రైవరుకి అప్పజెప్పాను. "తలుపు మాత్రమే తీసుకెళ్ళడం ఇదే మొదలు, ఇల్లు తర్వాత వస్తుందా?" అన్నాడు.

ఆదివారంలోగా తలుపు తిరిగి రావాలని అమ్మ ఆజ్ఞ. మా డబ్బాలన్నీ వీధిలో వాళ్ళకి కనబడుతున్నాయి.

ఒక్కటి అడుగుతాను, సూటిగా చెప్పండి. అవి బాగున్నాయా, లేదా? కోయకూడదన్నారు, సంతోషం. కానీ కోయకూడనివి చాలా ఉంటాయి, చెవులు కూడా కోయకూడదు. నా బొమ్మలు బాగున్నాయా? మేస్త్రికి ఏం చెప్పాలో అది తెలిస్తే తెలుస్తుంది.

ఇట్లు,
మీ ఆర్టిస్టు

తా.క. ఆరు వేళ్ళ సంగతి. ఆ చెయ్యి మా మేస్త్రిది. ఆయనకి నిజంగానే ఆరున్నాయి. నేను చూసిందే గీస్తాను.

*

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు. ఆరు వేళ్ళ డ్రైవరు గురించి నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

తలుపు క్షేమంగా చేరింది. ఆఫీసు మొత్తం లేచి వచ్చి పట్టుకుని లోపలికి మోశారు. మా మేనేజరు, "ఇది ఏ రకం కాగితం?" అన్నాడు. కెమెరా ముందు తలుపునే నిలబెట్టి ఫోటోలు తీయించాను.

పుస్తకం ఇలా కూర్చాను. మొదటి పేజీలో నీ ఖాళీ బస్సు. తర్వాత ఒక్కో పేజీలో ఒక్కో గుండ్రటి ముక్క, తెల్ల కాగితం మధ్యలో, చుట్టూ ఏమీ లేకుండా. ముసలాయన, చెప్పు, కండక్టరు, ఒక్కొక్కరే ఎక్కుతారు. చివర్న మేక ఎక్కుతుంది. ఆఖరి పేజీలో, ఆ ఫోటోలు కోసి అతికించి, అందరూ ఎవరి సీట్లో వాళ్ళున్న నిండు బస్సు. ముక్కల చుట్టూ అతుకు గీతలు కనబడుతున్నాయి. మేనేజరు చెరిపేయమన్నాడు. నేను వినపడనట్టు కూర్చున్నాను. కథ రాసినావిడ చూసి, తన మాటలు సగం కొట్టేసి, ఇక చాలంది.

నువ్వు సూటిగా అడిగావు కాబట్టి సూటిగానే చెబుతున్నాను. తలుపు చాలా గట్టిది. మంచి చెక్క. ఈ రోజుల్లో అలాంటిది దొరకదు.

ఇట్లు,
తాతయ్య

తా.క. తలుపు కింది మూలలో మసిమరక ఒకటుంది. కళ్ళజోడు లేక దాన్ని కూడా బొమ్మే అనుకుని చుట్టూ సున్నా చుట్టాను. మీ అమ్మగారిని తుడిచేయమను.

*

మీరు నాకు అబద్ధం చెప్పారు.

పుస్తకం అందింది. గాలి కొట్టే ఆయన తన పేజీ తెరిచి, ఆగిన ప్రతి లారీవాడికీ చూపిస్తున్నాడు. ఒక్కో టైరుకి కొట్టాల్సిన దానికన్నా ఎక్కువ గాలి కొట్టేస్తున్నాడు. ఇప్పుడు ఆ వీధిలోంచే రాజాలా పోతున్నాను. కుక్క బెంగ పెట్టుకుందని సాయంత్రం మాత్రం సందులోంచి వస్తున్నాను.

మీకు ఎదురుగా నిలబడి నమస్కారం పెడదామని నిన్న పని మానేసి, రెండు బస్సులు మారి మీ ఆఫీసుకొచ్చాను. దగ్గు పట్టుకుని ఇంటి దగ్గరున్నారన్నారు. కోత మిషను దగ్గరున్న ఆయన్ని పలకరించి, "మీరు నా మేకని భద్రంగా చూశారు, మీ మేలు మర్చిపోను" అన్నాను.

"నేనేం చూశానమ్మా?" అన్నాడు.

"అదే, నీలం సున్నాలు. కత్తి పడకూడదని."

ఆయన మిషను ఆపేశాడు. "సున్నాలా? సైజు బిగించేశాక మిషను దానంతటదే కోసుకుపోతుంది. ఆ గీతలవంక చూసి నేను ఎన్నేళ్ళయిందో! వాటితో ఇక్కడ ఎవరికీ పని లేదు."

"మరి తాతయ్య ఎందుకు చుడతారు?"

"నచ్చితే చుడతాడు. ఆయనకి నోరు పెగలదు. ఎప్పుడో ఓసారి ఎవరి బొమ్మకో చుట్టి, ఆ పూటంతా ఈల వేస్తూ తిరుగుతాడు. నీ కవర్లు రావడం మొదలైనప్పట్నుంచీ ఈ గదిలో మా చెవులు చిల్లులు పడ్డాయి తల్లీ. ఈల ఆపమంటే అలుగుతాడు."

అక్కణ్ణించి సరాసరి మీ ఇంటికొచ్చాను. మీరు కుర్చీలో నిద్రపోతున్నారు, నోరు తెరుచుకుని. మీ ఇంటావిడ, ఇక నాకు అమ్మమ్మే, నన్ను చూడగానే "తలుపు అమ్మాయివా?" అని లోపలికి పిలిచి, గోడ మీద ఫోటో చూపించింది. మీ పెళ్ళినాటి ఫోటోనట. మూడు వరసల నిండా జనం, చుట్టాలందరూ ఊపిరి బిగబట్టి ఉన్నారు. మధ్యలో సన్నగా తల వంచుకున్న ఒక పిల్ల. ఆ పిల్ల చుట్టూ, అద్దం కింద, వెలిసిపోయిన నీలం సున్నా.

"ఇదేంటని అడిగితే, ఫ్రేము కట్టేవాడు అంచులు కోస్తాడేమోనని, అన్నారు" అంది అమ్మమ్మ. "నేను నట్టనడుమ కూర్చుంటే, అంచులు కోసేవాడు నా దాకా ఎట్లా వస్తాడే?"

అప్పుడు మీ అబద్ధం నాకు మొత్తం అర్థమైంది.

మీరు లేచేదాకా ఉండలేదు. మీ బల్ల మీది నీలం పెన్సిల్ తీసుకుని, మీరు నిద్రపోతుండగా మీ బొమ్మ గీశాను. ఇందులో పెడుతున్నాను. చుట్టూ సున్నా కూడా చుట్టాను, రెండుసార్లు తిప్పి, గట్టిగా. అయినా నేను మీలా ఊరుకోను, రాసి చెప్తాను. మీరు బాగున్నారు తాతయ్యా. మీరు కూర్చిన పుస్తకం బాగుంది. ఖాళీ బస్సులోకి మా వాళ్ళందర్నీ ఒక్కొక్కర్నే మళ్ళీ ఎక్కించారు. చూసి ఏడ్చాను. రాయడానికి ఎంతసేపు పట్టింది? సిరా కూడా ఆరలేదు.

ఇప్పుడు మీ వంతు. ఈ శనివారంతో నెలాఖరు, మేస్త్రి జవాబు అడుగుతాడు. అప్పటికి మీ చేతిరాతతో ఒక్క ముక్క నా చేతిలో ఉండాలి. 'మేక బాగుంది.' అంతే. లేదా 'బాగాలేదు.' అది వచ్చినా తట్టుకుంటాను, బ్రష్షులు సర్దుకుని పోతాను. సున్నా చుట్టి పంపితే ఒప్పుకోను. తలుపుల గురించి రాస్తే అసలే ఒప్పుకోను. శుక్రవారం లోపు అందాలి.

ఇట్లు,
మీ మనవరాలు

తా.క. అమ్మ ఆ మసిమరక తుడవలేదు. మీరు చుట్టారు కదా, అలాగే ఉంచింది.

మరో తా.క. వంట సంగతి అమ్మమ్మకి కూడా మీరో మాట చెప్పాలి. ఆవిడ నాకన్నా చాలా ఎక్కువకాలం ఆగింది కాబట్టి ఆవిడ గడువు శుక్రవారం కాదు. ఇవాళ మీరు కంచం ముందునుంచి లేచే లోపు.